ఆమె చెప్పమన్న మాట

ఇరవై ఏండ్లు దాటింది. ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక గొంతులోనే పెట్టుకుని బతుకుతున్నాను. నేను హత్య చేయలేదు. ఒకరి సొమ్ము ఎత్తలేదు. మా ఊళ్లో నన్ను మంచోడనే అంటారు. చెవులు వినపడని భార్యను ఇన్నేండ్లు విసుక్కోకుండా చూసుకున్నాడని, అట్లాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఆడవాళ్లు నా ఎదుటనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల కంపరమెత్తుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. గొర్రెల మీద బతికిన ఇల్లు. నా భార్య పులివెందుల వైపు పిల్ల, మా మేనమామ కూతురు. ఆమెకు చిన్నప్పుడే తల్లి పోయింది. అందుకని తొలికాన్పు కూడా పుట్టింటికి పంపకుండా మా దగ్గరే అనుకున్నాము. ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది గానీ తల్లీపిల్లా బాగానే ఉన్నారని ఇంటికి తెచ్చుకున్నాము. ఇల్లు చేరిన కొన్నాళ్లకే జ్వరం పట్టుకుంది. ఒళ్లు కాలిపోయేది. పొత్తికడుపు ముట్టుకోనిచ్చేది కాదు. మళ్లీ ప్రొద్దుటూరికి పరుగెత్తాము.

అక్కడి డాక్టరమ్మ చూసి, నన్ను పక్కకు పిలిచింది. గర్భసంచికి ఇన్ఫెక్షన్ అయిందని చెప్పింది.

"దీన్ని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. సూదులు వేయక తప్పదు. అయితే ఇందులో ఒక సూది కొందరికి చెవుల్ని, కిడ్నీల్ని దెబ్బ తీస్తుంది. అందరికీ కాదు. చెవుల్లో రొద అన్నా, తల తిరుగుతుందన్నా వెంటనే నాకు చెప్పండి. వేరేదానికి మారుద్దాం. మారిస్తే, ఆ మందు ఇక్కడ లేకపోతే, పెద్దాసుపత్రికి పంపాల్సి రావచ్చు. అయినా చెప్పండి. మర్చిపోవద్దు."

ఆమె ఇంత విడమరిచి చెప్పింది. నా భార్య జ్వరం మత్తులో ఉంది. మా అమ్మ పిల్లను పట్టుకుని బయట కూర్చుంది. విన్నది నేనొక్కడినే.

సూదులు పడ్డాయి. జ్వరం దిగడం మొదలుపెట్టింది. నా భార్య లేచి కూర్చుని గంజి తాగింది. పిల్లకు పాలిచ్చింది. ఇంక గండం గడిచిందనుకున్నాను. అప్పుడే ఒక పొద్దున ఆమె నా చెయ్యి పట్టుకుని అంది.

"మామా, చెవుల్లో కీచుమని ఒకటే రొద. లేస్తే తల తిరుగుతాండాది. మేడం వస్తే చెప్పు."

"సరే, చెప్తాలే," అన్నాను.

డాక్టరమ్మ వచ్చేసరికి ఆమె మంచం మీద లేదు. మా అమ్మ ఆమెను పట్టుకుని బాత్‌రూంకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చీటీ చూసుకుంటూ నన్ను అడిగింది.

"ఎట్లుంది? చెవుల్లో రొద, తల తిరగడం, అట్లాంటివేమన్నా చెప్పిందా?"

"ఏం లేదు మేడం. బాగుండాది," అన్నాను.

అంతే. ఆమె పక్క మంచానికి పోయింది.

నా భార్య తిరిగి వచ్చి మంచం మీద ఒరిగి, "మేడం వచ్చినట్లుందే. చెప్పినావా?" అని అడిగింది.

"చెప్పినా. పచ్చి బాలింతలకు ఉంటాదంట. చెవుల్లోకి గాలి పోకుండా దూది పెట్టుకోమనింది," అన్నాను.

నేనే దూది తెచ్చి ఇచ్చాను.

ఎందుకు అట్లా చేశాను? ఈ ప్రశ్నకు ఇన్నేండ్లలో నేను చాలా జవాబులు తయారు చేసుకున్నాను. అందులో బాగా పనికొచ్చిన జవాబు ఒకటుంది. మా పక్క మంచంలో ఇట్లాంటి జ్వరంతోనే ఒక బాలింత ఉండేది. ఆమెను పెద్దాసుపత్రికి పంపారు. మరుసటి రోజు ఆమె తమ్ముడు సామాన్లు తీసుకుపోవడానికి వచ్చి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. పెద్దాసుపత్రి అంటే అక్కడికి పోయినవాళ్లు తిరిగి రారని నాకు మనసులో పడిపోయింది. పనిచేస్తున్న మందును ఆపితే నా భార్య కూడా అట్లే పోతుందని భయపడ్డాను. చెవులా, ప్రాణమా అంటే ప్రాణమే కదా అనుకున్నాను. ఇది అబద్ధం కాదు. ఆ భయం నిజమే.

కానీ అంతేనా? మీతో కూడా నాటకం ఆడితే ఇది రాయడమెందుకు? అది గొర్రెలు ఈనే కాలం. మంద దగ్గర మా తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. ఎవరి చేతనో కబురు మీద కబురు పంపుతున్నాడు. ఆ వార్డు వాసనకు, ఆ నేల మీద పడకకు నా ప్రాణం విసిగిపోయింది. ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి, మళ్లీ మొదటి నుంచి అంటే నా వల్ల కాలేదు. డాక్టరమ్మ అడిగినప్పుడు నా నోట ముందు వచ్చింది భయమో విసుగో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. భయమే అయితే డాక్టరమ్మకు ఆ భయమే చెప్పి ఉండేవాడిని. పక్క మంచం మనిషి చచ్చిపోయింది మేడం, పంపొద్దు మేడం అని కాళ్లు పట్టుకుని ఉండేవాడిని. అట్లా చేయలేదు. బాగుంది అన్నాను. పైగా ఆ డాక్టరమ్మ నోట్లో అనని మాట పెట్టి నా భార్యకు చెప్పాను. భయపడ్డ మనిషికి అంత తెలివి ఎక్కడి నుంచి వస్తుంది?

తర్వాతైనా చెప్పి ఉండొచ్చు. డాక్టరమ్మ రోజూ వచ్చేది. నా భార్య మాత్రం మళ్లీ అనలేదు. బాలింతలకు ఇట్లా ఉంటాదని మేడమే చెప్పింది కదా అని ఓర్చుకుంది. నా మాట మీద నమ్మకంతో ఓర్చుకుంది. సూదులన్నీ పూర్తయ్యాయి. ఇంటికి వచ్చాము.

ఇంట్లో కూడా బాలింత కాబట్టి తలకు గుడ్డ, చెవుల్లో దూది. పిలిస్తే పలకకపోతే దూది వల్లనే అనుకున్నారు అందరూ. దూది తీసినాక కూడా పలకలేదు. పిల్ల ఏడుస్తుంటే పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉండేది. మా అమ్మ తిట్టేది.

"బిడ్డ గొంతు చించుకుంటాంటే బండరాయి మాదిరి కూర్చుంటావేందే? కన్నతల్లివేనా నువ్వు?"

ఆ తిట్లు కూడా ఆమెకు సగమే వినపడేవి. మా అమ్మ ముఖం చూసి, పిల్ల వైపు చూసి, ఉలిక్కిపడి ఎత్తుకునేది. తర్వాత ఒక ఉపాయం కనిపెట్టింది. చీర అంచు చింపి పేలిక చేసి, ఒక కొస ఉయ్యాలకు, ఇంకో కొస తన చేతికి కట్టుకుని పడుకునేది. పిల్ల కదిలితే చెయ్యి లాగేది. లేచేది. ఆ పేలికను చూడలేక నేను మంద దగ్గర పడుకోవడం అలవాటు చేసుకున్నాను.

పెండ్లయిన కొత్తలో మంద ఇంటికి వచ్చే వేళ ఆమె దొడ్డి దగ్గర నిలబడేది. తల్లులూ పిల్లలూ ఒకటే అరుపులు. అందులో ఏ పిల్ల తల్లిని దొరకబుచ్చుకోలేదో గొంతును బట్టి చెప్పేది. పుట్టినప్పటి నుంచి గొర్రెల్లో తిరుగుతున్నా నాకు చేతకానిది ఆమెకు చేతనయ్యేది. కాన్పు తర్వాత కూడా నిలబడేది. ఒక్కో పిల్లనూ పట్టుకుని, పొట్ట తడిమి, పాలు తాగిందో లేదో చూసేది. ఏమీ అనేది కాదు.

చివరికి మా మామ పట్టుబట్టి కడపకు తీసుకుపోయాడు. నేనూ పోయాను. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, నరం దెబ్బతిన్నది, తిరిగి రాదు అన్నాడు. మిషన్ పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుంది, మాటలు తేటగా తెలియవు అన్నాడు. మిషన్ కొలతల కోసం ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయారు. మామ తోడు పోయాడు. అప్పుడు డాక్టరు నన్ను అడిగాడు.

"కాన్పు టైములో జెంటా సూదులు ఏమన్నా వేసినారా? చెవుల్ని దెబ్బ తీసేది అదే. వేసుంటే చెప్పండి. కొన్ని కుటుంబాల్లో ఆ సూది పడకపోవడం తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. అట్లయితే పాపకు కూడా ఎప్పుడూ వేయించకూడదు."

"లేదు సార్. జ్వరం వచ్చింది, అంతే," అన్నాను.

రెండోసారి అబద్ధం చెప్పడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.

జ్వరమే చెవులకు తగిలిందని ఊరంతా అనుకుంది. నా భార్య మాత్రం డాక్టరమ్మను తిట్టుకునేది. "రొద అని చెప్పి పంపితే దూది పెట్టుకోమనింది. నా కొంప ముంచింది. దాని నోట మన్ను బడ," అని శాపనార్థాలు పెట్టేది. నేను తల దించుకుని వినేవాడిని. అడగాల్సినది అడిగిన మనిషిని, హెచ్చరించిన మనిషిని, నా ఇంట్లో ఇన్నేండ్లు నా ఎదుటనే తిట్టించాను.

పాప పెరిగింది. మాటలు వచ్చినప్పటి నుంచి, అమ్మ గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుని మాట్లాడేది. ఎవరు నేర్పారో తెలియదు. పాపకు జలుబు చేసినా జ్వరం వచ్చినా ఆసుపత్రికి నేనే తీసుకుపోయేవాడిని. ఏం సూది, పేరేంది అని అడిగేవాడిని. బిడ్డంటే ఎంత ప్రాణమో అని నర్సులు నవ్వేవారు.

పాపను పులివెందులలో ఇచ్చాము. తొలికాన్పుకు ప్రొద్దుటూరు దగ్గర కదా అంటే నా భార్య ససేమిరా అంది. "ఆ ఊర్లో ఆడోళ్ల మాట వినరు, వద్దు," అంది. నేను నోరెత్తలేదు. అందుకని పోయిన ఏడు పాపకు పులివెందులలోనే ఆపరేషన్ అయింది. మగబిడ్డ. మూడో రోజుకు జ్వరం. ఆ మాట వినగానే పాప మంచం పక్కనే పోయి కూర్చున్నాను.

నర్సు ట్రే పట్టుకుని వచ్చింది. అల్లుడు మందులకు పోయాడు. నా భార్య మనవడిని ఎత్తుకుని వరండాలో ఉంది.

"ఏం సూదులమ్మా?" అన్నాను.

ఆమె చెప్పిన రెండు పేర్లలో ఒకటి అదే, జెంటా.

"ఆ సూది వద్దు. డాక్టరును పిలువు," అన్నాను. నా గొంతుకు నర్సు జడుసుకుంది. డాక్టరు వచ్చింది, చిన్నవయసు అమ్మాయి. "వాళ్లమ్మకు కాన్పు జ్వరంలో ఈ సూదితోనే చెవులు పోయినాయి మేడం," అన్నాను.

"ముందే చెప్పాల కదండీ," అంది. ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి యాంటీబయాటిక్ ఆపేది లేదని, దాని బదులు వేరేది రాస్తానని చెప్పింది. రాసింది. నర్సు ట్రే మార్చుకుని వచ్చింది. పెద్దాసుపత్రికి పంపలేదు. ఎవరూ చావలేదు. అప్పటి రోజులు వేరు, అప్పుడు ఇంత తేలికగా జరిగేది కాదని నాకు నేను చెప్పుకుంటున్నాను. అప్పుడు చెప్పి ఉంటే నా భార్య చెవులు దక్కేవో లేదో కూడా నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే.

పాప మంచం మీద నుంచి నన్నే చూస్తోంది.

"అమ్మకు జ్వరంతో గదా పోయినాయి అంటారు. సూది అని నీకెట్ల తెల్సు నాయనా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. పాప ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, "నువ్వు చెప్తావా అమ్మకు, నేను చెప్పాల్నా?" అంది.

వరండాలో ఎండ పడుతోంది. మనవడిని అప్పుడే వచ్చిన అల్లుడికి ఇచ్చి, నా భార్యను బెంచీ మీద కూర్చోబెట్టాను. నా పెదాలు కనపడేటట్లు ఎదురుగా కూర్చున్నాను. నిదానంగా చెప్పాను. ఆమె నా నోటి మీద నుంచి కళ్లు తీయలేదు.

"మేడం దూది పెట్టుకోమనలేదా?"

"అనలేదు. నేనే అన్న్యా."

"నేను చెప్పమన్న్యాది మర్చిపోయినావా?"

మర్చిపోయాను అంటే సరిపోయేది. ఆ దారి ఆమే చూపించింది.

"మర్చిపోలే. తెలిసే చెప్పలే," అన్నాను.

ఆమె నా నోటి మీద నుంచి చూపు తిప్పుకుంది. తర్వాత నాతో కాదు, తనలో తానే అన్నట్టు, "ఇన్నేండ్లూ ఆయమ్మను తిట్టుకుంటి గదా," అంది. లేచి లోపలికి పోయింది.

పాప కోలుకుంది. మేము ఇంటికి వచ్చాము. నా భార్య వంట చేస్తుంది, పెడుతుంది. మందకు గడ్డి చూస్తుంది. నేను మాట్లాడబోతే మాత్రం ముఖం పక్కకు తిప్పుకుంటుంది. తిడితే బాగుండు. క్షమించమని నేను అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడిగేది?

ఒక్కటి మిగిలింది, అన్నిటికంటే సిగ్గుపడాల్సినది. ఆ వరండాలో చెప్పిన రోజు మధ్యాహ్నం వియ్యంకుల ఇంట్లో భోజనానికి కూర్చున్నాము. ఆమె విస్తరి ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు, లేచిపోయింది. నాకు ఆకలి వేసింది. సంగటి, పప్పు, ఇంకోసారి అడిగి వేయించుకుని తిన్నాను. ఎన్నో ఏండ్ల తర్వాత తిండి రుచిగా ఉంది.