గొంతు లేని మనిషి కేక

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. స్కూలు వెనక పాడుబడ్డ గదిలో ఎవరో ఏడుస్తున్నారని పిల్లలు బెదిరిపోతే, వాళ్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, విరిగిన కిటికీ రెక్క గాలికి కిర్రుమంటోందని చూపించాను. దేవుడంటే భక్తి ఉంది గానీ, దేవుడు మనతో మాట్లాడతాడని ఎప్పుడూ అనుకోలేదు. ఇది కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది నర్సీపట్నం. మా ఆయన పేరు రమణ. ఏజెన్సీ కొండల్లోని ఊళ్లకి వెళ్లే జీపులు ఆగే చోట నిలబడి ప్రయాణికులను పిలవడం ఆయన పని. "సింతపల్లి, సింతపల్లి! కొయ్యూరోళ్లు ఎవరైనా ఉన్నారా, కొయ్యూరు!" అని కేకేస్తే రోడ్డుకి అవతల టీ తాగుతున్నవాళ్లు కూడా గ్లాసు పెట్టేసి లేచేవారు. శనివారం సాయంత్రం అదే గొంతుతో రామకోవెలలో భజన పాడేవారు. మైకు అక్కర్లేదు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు గుమ్మం బయట చెప్పులు విప్పుతూ ఎవరితోనో ఏదో అన్నారు. ముఖం చూడకముందే నేను విన్నది ఆ గొంతు.

ఒక ఏడాది జీడిమామిడి పూత వేళకి ఆ గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందిలే అనుకున్నాం. మిరియాల పాలు, తేనె, అల్లం రసం, అన్నీ అయ్యాయి. ఎండాకాలం చివరికి వచ్చేసరికి అన్నం ముద్ద దిగడం మానేసింది. విశాఖపట్నం తీసుకెళ్లాం.

స్వరపేటికలో క్యాన్సర్ అన్నారు. ముదిరిపోయిందట. పేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఇక మీదట ముక్కుతో కాకుండా మెడ కింద పెట్టే కన్నంలోంచి ఊపిరి తీసుకుంటారు. గొంతులోంచి శబ్దమన్నది రాదు. ఈ మాట చెబుతున్నప్పుడు మా ఆయన బొమ్మ వైపు చూడలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు నేను ఉండబట్టలేక, "ఏదైనా మాట్లాడండి" అన్నాను.

"ఏటి మాటాడమంటావే సత్తీ," అన్నారు, ఆ బొంగురు గొంతుతోనే. నా పేరు సత్యవతి. ఆయన ఒక్కరే అలా పిలిచేవారు.

అదే ఆయన చివరి మాట.

ఇంటికి తెచ్చాక ఆయన అక్క అప్పలనరసమ్మ వదిన గొలుగొండ దగ్గరి వాళ్ల ఊరి నుంచి వచ్చేసి మా ఇంట్లోనే ఉండిపోయింది. చెరకు తోట, ఇల్లు కొడుకులకి అప్పజెప్పింది. "నా సేతుల మీద పెరిగేడమ్మీ ఆడు. ఆడు లేసి తిరిగిందాకా నేను కదల్ను," అంది. తెల్లవారగానే తలస్నానం చేసి, తడి చీరతో రామకోవెలకి వెళ్లి ప్రదక్షిణలు చేసి, తీర్థం తెచ్చేది. ఆయన నోటితో మింగలేరు కాబట్టి ఆ తీర్థంలో వేలు ముంచి పెదవులకు రాసేది. నేను స్కూలుకి వెళ్లిన పూట ముక్కు గొట్టంలోంచి జావ పోసేది, పక్కబట్టలు మార్చేది. ఆ మనిషే లేకపోతే నేను ఆ ఏడాది గట్టెక్కేదాన్ని కాదు.

మెడ కన్నంలో ఒక గొట్టం, దాని లోపల ఇంకో చిన్న గొట్టం ఉండేవి. కఫం ఎండి లోపలి గొట్టానికి అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుందని, వెంటనే ఎలా తియ్యాలో, సెలైన్ చుక్కలు ఎలా వెయ్యాలో ఆసుపత్రిలో సిస్టరు నాకు నేర్పింది. ఆయన ఏదైనా చెప్పాలంటే పలక మీద రాసేవారు. మమ్మల్ని పిలవాలంటే పక్కన పెట్టిన స్టీలు గ్లాసును చెంచాతో కొట్టేవారు.

కొన్నాళ్లకి కొత్త గొంతు లాంటి పరికరం ఏదో పెట్టవచ్చని డాక్టరుగారు ఆశ పెట్టారు. రేడియేషన్ పూర్తయింది. మెడ చర్మం కాలి నల్లబడింది. ఆ పుండు ఆరేలోపే చెవి కింద మళ్లీ గడ్డ లేచింది. ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్లిందన్నారు. ఇంకో ఆపరేషన్ కుదరదు, ఇంటి దగ్గరే ఉంచి నొప్పి లేకుండా చూసుకోండమ్మా అన్నారు.

విశాఖ నుంచి వచ్చిన రోజున ఆయన గోడ మీదున్న సీతారాముల పటం చూపించి తీసెయ్యమని సైగ చేశారు. వదిన వినలేదు. మర్నాడు ఆమె లేనప్పుడు ఆయనే గోడ పట్టుకుని లేచి దించేసి, అటు తిప్పి గోడకి ఆనించారు. పలక మీద "చాలు" అని రాసి నాకు చూపించారు. ఆ తరువాత చాలా రోజులు ఆ పలక మీద ఇంకో మాట లేదు. నేను తుడిచేదాన్ని, ఆయన మళ్లీ అదే రాసేవారు.

ఇక అసలు సంగతి.

ఎండాకాలం సెలవుల్లో ఒక ఉదయం. వదిన రామకోవెలకి వెళ్లింది. ఆయన ముందు గదిలో నిద్రపోతున్నారు. నేను పెరట్లో రాతి మీద దుప్పటి ఉతుకుతున్నాను. కుళాయి ధారగా పడుతోంది. పిట్టగోడకి అవతల పక్కింటి పార్వతిగారు మిరపకాయలు ఎండబోస్తున్నారు. ముందు గదికీ పెరడుకీ మధ్య వంటిల్లు ఉంది, రెండు తలుపులున్నాయి.

"సత్తీ! బేగి రాయే!"

బొంగురు గొంతు కాదు. జబ్బుకి ముందు నాటి గొంతు. జీపుల దగ్గర కేకేసేటప్పటి నిండు గొంతు. ఇంట్లోంచే వచ్చింది.

"వస్తున్నానండీ!" అన్నాను. పాతికేళ్ల అలవాటు. దుప్పటి రాతి మీద పడేసి, చేతులు చీరకి తుడుచుకుంటూ రెండడుగులు వేశాను. అప్పుడు తట్టింది, పిలవడానికి ఆ మనిషికి గొంతు లేదని. పరిగెత్తాను.

ఆయన మంచం మీంచి సగం జారిపోయి ఉన్నారు. ముఖం నల్లబడింది. కళ్లు తేలేశారు. గ్లాసు, చెంచా అందనంత దూరంలో స్టూలు మీద కదలకుండా ఉన్నాయి. మెడ దగ్గర గాలి చప్పుడు లేదు. లోపలి గొట్టం తిప్పి లాగితే, ఎండిన కఫం బెల్లం పాకంలా మూసుకుపోయి ఉంది. సెలైన్ చుక్కలు వేశాను. ఇంకో గడ్డ అడ్డం ఉంది. మళ్లీ వేశాను. ఛాతీ ఒక్కసారి ఎగిరి, దగ్గులాంటిది వచ్చి, ఆ గడ్డ నా చేతి మీద పడింది. తరువాత బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు.

అప్పుడే గుమ్మంలోంచి వదిన వచ్చింది. తడి చీర, కాళ్లకి చెప్పులు లేవు, చేతిలో తీర్థం చెంబు లేదు. ఆయాసంతో మాట రావడం లేదు. ఏమీ అడక్కుండా వచ్చి తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుంది. ఆ కంగారులో ఆమె అంత తొందరగా ఎందుకొచ్చిందో నేను అడగలేదు.

కాసేపటికి దుప్పటి ఆరేద్దామని పెరట్లోకి వెళితే, గోడ మీంచి పార్వతిగారు తొంగిచూశారు. ముఖం నిండా నవ్వు.

"టీచరుగారూ, రమణగారికి మాటొచ్చిందేటండీ? ఇందాకల కేక ఇనపడింది. ఎన్నాళ్లయిందండీ ఆ గొంతిని!"

తడి దుప్పటి గుండెలకి పట్టుకుని లోపలికి వచ్చేశాను.

మధ్యాహ్నానికి ఆయన తేరుకున్నాక, పక్కన కూర్చుని అడిగాను, మీరు పిలిచారా అని. ఆయన మెడ మీద చెయ్యి వేసుకుని, తల అడ్డంగా ఊపారు. పలక తీసుకుని "నేను కాదు" అని రాశారు. దాన్ని అరచేత్తో తుడిచి, ఇంకో మాట రాశారు.

"ఎందుకొచ్చావు."

ఆ మాట నేను తుడవలేదు.

తరువాత నేను అడగని మనిషి లేడు. డాక్టరుగారు ఆ ప్రశ్నకే నవ్వారు, పేటిక లేకుండా కేక అసాధ్యమన్నారు. టీవీ పెట్టి లేదు. ఆయన గొంతు రికార్డు చేసిన పాత భజన ఒకటి మా అమ్మాయి లలిత ఫోనులో ఉంది. ఆ వేళ లలితా, ఫోనూ విశాఖలో హాస్టల్లో ఉన్నాయి. లలిత ఇంటికి వచ్చాక, "నువ్వు చాలా అలసిపోయావమ్మా. అలసిపోయినప్పుడు మన బుర్రే మనకి వినిపిస్తుంది," అంది. మరి పార్వతిగారికెలా వినపడిందే అంటే, లేచి నాన్న దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన ఆ తరువాత వానలు పడేదాకా బతికారు. దాన్ని బతకడమనే అనాలి. నొప్పి మాత్రలు నూరి గొట్టంలో పోసేవాళ్లం. మాత్ర పనిచేయడం ఆలస్యమైతే దుప్పటి అంచు కొరికేవారు, నోటిలోంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. చప్పుడు లేని ఏడుపు చూడ్డం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది. వదిన ఒక శనివారం భజన వాళ్లను ఇంటికి తీసుకొచ్చింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. పై శనివారం పాట మధ్యలో ఆయన వేలు మంచం ఇనుప పట్టె మీద తాళం వేయడం నేనూ లలితా చూశాం. లలిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తరువాతి వారం వాళ్లను గుమ్మంలోంచే పంపించెయ్యమని సైగ చేశారు. ఆ ఒక్క శనివారమే మాకు దొరికింది.

సెలవులు పొడిగించుకుని లలిత ఆయన దగ్గరే ఉండిపోయింది. కాళ్లు పట్టేది, గడ్డం గీసేది, కాలేజీ కబుర్లు చెప్పేది. ఒక వాన ఉదయం దాని చేతిలో చెయ్యి పెట్టుకుని వెళ్లిపోయారు. గొట్టం శుభ్రంగానే ఉంది. ఊపిరి దానంతట అదే తగ్గి తగ్గి ఆగింది.

కర్మలయ్యాక వదిన ఊరికి ప్రయాణమైంది. సంచి సర్దుకుంటూ ఉన్నట్టుండి అడిగింది.

"సత్తెవతీ, ఆ రోజున నీకేటని ఇనపడిందమ్మా?"

"సత్తీ, బేగి రాయే అని," అన్నాను.

వదిన సంచి వదిలేసి నా వైపు తిరిగింది.

"నాకు 'అక్కా, బేగి రా' అని ఇనపడిందమ్మీ. కోవెల్లో ప్రదక్షిణ సేస్తన్నాను. ఎనకాలే నిలబడి పిలిసినట్టు. తిరిగి సూస్తే ఎవులూ నేరు. సెంబు అక్కడే ఒగ్గీసి పరిగెట్టీసేను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం వదినా?"

"ఏటని సెప్పను? రాముడే ఆడి గొంతెట్టుకుని పిలిసేడనుకున్నాను. ఇంకెన్నాళ్లో బతికించీడానికే పిలిసేడనుకున్నాను. ఇప్పుడేటి సెప్పను?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆమె నమ్మకం ఆమెది. రాముడే అయితే, ఆ మనిషి వద్దన్న రోజులు ఆ మనిషికి ఎందుకిచ్చాడో నాకు తెలియదు. ఆ రోజుల్లోనే లలిత తండ్రి దగ్గర కూర్చోగలిగింది, అదీ నిజమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు చూశాను. ఒకటి ఇంకొకదానికి సమాధానం కాలేదు.

మా ఇంటికీ రామకోవెలకీ మధ్య బజారంతా ఉంది. వదిన వెళ్లిన తరువాత ఒక రోజు, అదే వేళకి, నేను కోవెలకి వెళ్లి ఆమె చెప్పిన చోట నిలబడ్డాను. ముందు గదిలో నిలబడి గట్టిగా అరవమని లలితకి చెప్పి వెళ్లాను. ఆటోల మోత వినపడింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అంతకు మించి ఏమీ వినపడలేదు.

ఇంటికి వచ్చేసరికి లలిత గొంతు జీరపోయి ఉంది. మంచినీళ్లు తాగుతోంది.

"వినపడిందా అమ్మా?" అంది.

లేదన్నాను.

"నాన్నా, నాన్నా అని అరిచానమ్మా," అంది.