మూడుసార్లు అడిగే గుమాస్తా మామ

మా పంచాయతీ గుమాస్తా మామ కన్నుమూశారని మొన్న తిరుత్తణి బస్టాండులో తెలిసింది. నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఊళ్ళోవాళ్ళు అడిగితే ఒప్పుకున్నాను. నాకు మాట్లాడడం కంటే రాయడమే కొంచెం నయం.

ఆయన నడిస్తే చప్పుడయ్యేది కాదు. ఎవరు పోయి ఏ రిజిస్టరు అడిగినా విసుక్కోకుండా తీసి, తమిళంలో ఉన్నది తెలుగులో చదివి చెప్పేవారు. “ఇది నా సొత్తు కాదప్పా, ఊరిది. నేను ఉత్త కాపలాదారుణ్ణి” అనేవారు.

పన్నెండేళ్ళ కిందట మా ఊరి పేరు మద్రాసు పేపర్లో పడింది. టీ అంగట్లో అందరం చూసి సంబరపడ్డాం. ఆ ఆఫీసు తమిళం నాకు అర్థం కాలేదు. ఊరి పేరు మాత్రం కూడబలుక్కున్నాను. ఆ ముక్క కత్తిరించి, ఇంట్లో మురుగన్ పటం పక్కన అంటించి, బొట్టు పెట్టాను.

నాలుగో రోజు మామ ఇంటికి వచ్చి చూశారు.

“ఏందప్పా ఇది? నీ దోవ పోయే కాగితానికే బొట్టు పెట్టినావే!”

అది ప్రకటన. గుట్ట కింది పోరంబోకు నేలను రాళ్ళు కొట్టే కాంట్రాక్టరుకు గుత్తకిస్తారట. ఆక్షేపణ ఉన్నవాళ్ళు పంచాయతీ కూటంలో చెప్పాలట. నా చేనికి బండిదోవ ఆ నేల మీదుగానే. అది పోతే చేను ఉండీ లేనట్టే.

“నా తరఫున నువ్వే చెప్పు మామా” అన్నాను.

“నోరు నీది, పేనా నాది. నువ్వు చెప్పకుండా నేనేం రాసేది?”

కూటం నాడు ప్రెసిడెంటు తలుపు వేయమన్నారు. మామ లేచి రెండు రెక్కలూ బార్లా తెరిచారు.

“జనం వినాల్సిన కూటమన్నా ఇది. తలుపేస్తే నేను రాయను.”

ప్రకటన తమిళంలో చదివి, తెలుగులో చెప్పి, “ఆక్షేపణ ఉందా?” అన్నారు. నేను గోడకు అంటుకుపోయాను. రెండోసారి అడిగారు.

“ఎవురూ లేరు గదా, రాసెయ్. ఇదేమన్నా హారతా, మూడుసార్లు తిప్పేదానికి?” అన్నారు ప్రెసిడెంటు.

“భయపడేవాళ్ళకి మూడోదే చెవిన పడేదన్నా.”

మామ పేనా మూత తీసి, మళ్ళీ పెట్టారు. చెంబెత్తి నీళ్ళు తాగారు. నా వైపు చూడనే లేదు. వేపచెట్టు నీడ గడప దాటి లోపలికొచ్చింది. ఎక్కడో ఎద్దు మెడ గంట. తలుచుకుంటే అదంతా నీళ్ళ అడుగున జరిగినట్టుంటుంది.

మూడోసారి అడిగారు.

“నా బండి యాడ పోవాల?” అన్నాను. అది నా గొంతేనా అనిపించింది.

“మావి గూడా!” అని వెనకనుంచి ఎవరో అందుకున్నారు.

“ఇదీ ఒక ఆక్షేపణేనా?” అన్నారు ప్రెసిడెంటు.

“ఇంతకన్నా ఏం కావాలన్నా?” అని మామ రాసుకున్నారు. బండిదోవను వదిలి, మిగతా నేలకే గుత్త అని తీర్మానం మారింది.

అందరూ వెళ్ళాక మేమిద్దరం మిగిలాం. నా మాటల కింద నా పేరు రాశారు. సిరా ఇంకా తడిగా మెరుస్తోంది. అద్దడానికి కాగితం లేదు. మూస్తే మరకవుతుందని పుస్తకాన్ని కిటికీ దగ్గర గాలికి పట్టుకుని నిలబడ్డారు. నేనూ ఒక అంచు పట్టుకున్నాను. పూండి చెరువు వైపునుంచి చల్లగాలి వచ్చి, నా పేరు మీదుగా మెల్లగా పోతోంది.