కనెక్టర్లు నా చేతిలోనే ఉన్నాయి

ఇది కల్పించి చెబుతున్నది కాదు. కావాలంటే బ్యాటరీ మీద చెయ్యేసి ఒట్టు వేస్తాను... దెయ్యాలంటే మాత్రం నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు.

రెండువేల మూడు ప్రాంతం. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, అద్దంకిలో కారు వైరింగ్ షాపు పెట్టిన కొత్త. పొద్దుపోయాక మస్తాన్ అన్న తన టాక్సీ తెచ్చి ఆపాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తాళం తీసేసినా రేడియో దానంతటదే మోగుతోంది. ఏసీ ఫ్యాన్ తిరుగుతోంది. కారులో దెయ్యం ఉందన్న మాట ఊరంతా పాకి, ఎవరూ ఎక్కడం లేదు.

“రేపు పొదిలి పెళ్ళికి ఒక్క కిరాయి దొరికింది తమ్ముడూ. వాళ్ళ ముందు గానీ ఇది మోగిందా, ఇంక పాత ఇనుముకి వేసేయడమే. మా ఇంటిల్లిపాదీ దీని మీదే బతకాలి.”

“దెయ్యానికి లైసెన్సుందా అన్నా? పక్కకి జరుగు.”

డాష్‌బోర్డు విప్పాను. నవ్వొచ్చింది. రేడియో మార్చినవాడెవడో పాత కనెక్టర్లు కోసి పారేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. రేడియోకి రెండు కరెంటు వైర్లుంటాయి. ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చేది, స్టేషన్లు గుర్తుండటానికి. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. ఆ రెండూ, ఏసీ ఫ్యాన్ వైరూ కలిపి ఒకే ముడి! టేపు వదులై, కుదుపుకి లోపల వైర్లు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా అన్నీ లేస్తాయి.

“ఇదిగో నీ దెయ్యం” అని ఆ ముడి కోసి అతని చేతిలో పెట్టాను.

దేనికది విడదీసి కొత్త కనెక్టర్లు వేశాను. ఇంకా తగిలించలేదు. బ్యాటరీ తీగ కూడా ఊడదీసే ఉంది.

“అయినా అమ్మ దిష్టి తీయమందిరా.” మస్తాన్ అన్న ఎండుమిరపకాయలు కారు చుట్టూ తిప్పి, బానెట్ ముందు రాజేసిన నిప్పుల్లో వేశాడు. చిటపటలాడాయి. పొగ లేచింది... ఘాటు లేదు. కాయలు కాలుతున్నా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టని మా వైపు లెక్క. అతని మొహం పాలిపోయింది.

“నాసిరకం కాయలు కొన్నావన్నా!” అంటూ కారులోకి దూరాను. దోమలకి తలుపు వేసుకున్నాను. కనెక్టర్లు చేతిలోకి తీసుకున్నాను...

గుయ్య్...

సన్నగా. డాష్‌బోర్డు లోపలి నుంచి. ఫ్యాన్.

నేను కదల్లేదు. ఒక చేతిలో రేడియో కనెక్టర్. ఇంకో చేతిలో ఏసీది. రెండూ ఊడే ఉన్నాయి... గాలి మొహానికి తగిలింది. వెచ్చగా. ఆ వెంటనే ఘాటు. ముక్కు... కళ్ళు... గొంతు... ఊపిరాడలేదు.

“ఏరా, ఎందుకట్లా దగ్గుతున్నావ్?” బయట, పొగలోనే నిలబడి అడిగాడు మస్తాన్ అన్న. అతనికి ఒక్క దగ్గు లేదు.

ఫ్యాన్ ఆగింది...

పారిపోలేదు నేను. కళ్ళు తుడుచుకుని రెండు కనెక్టర్లూ తగిలించి, ఆ తర్వాతే బ్యాటరీ తీగ బిగించాను. టక్. టక్.

“రేపు నేనూ వస్తానన్నా. ముందు సీట్లో కూర్చుంటా.”

మర్నాడు పొదిలి దారిలో ఎండ మండిపోతోంది. పెళ్ళివాళ్ళు ఏసీ వెయ్యమన్నారు. మస్తాన్ అన్న నా వంక చూశాడు. చెయ్యి స్టీరింగ్ వదల్లేదు. నేనే స్విచ్ నొక్కాను.

చల్లగాలి... అంతే.

“బండి బాగుందండీ. తిరుగు ప్రయాణానికీ మీరే రండి” అన్నారు వెనక నుంచి.

గాలికి ఫ్యాన్ తిరిగిందనుకుందామా? ఆ రాత్రి ఆకు కూడా కదల్లేదు. పొగే లోపలికి దూరిందనుకుందామా? మరి పొగలో నిలబడ్డవాడికి ఘాటేది? నాకు తెలియదు. తెలియదనే చెబుతాను. దెయ్యమని మాత్రం నా చేత అనిపించలేరు.