మెరక కింద డొక్కలు

కూలిన గోడలకీ కుంగిన పునాదులకీ కారణం వెతకడం నా ఉద్యోగం. మా కోనసీమలో మాత్రం నేను వెళ్ళేసరికే ఆ పని టీ కొట్టు దగ్గర పూర్తయిపోయి ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మలికిపురం దగ్గర ఓ రిటైర్డ్ మాస్టారింట్లోనూ అంతే. పాత ఇంటికి ఆనించి కట్టించుకున్న కొత్త గది ఏడాది తిరక్కుండా పక్కకి ఒరిగింది. "సిమెంటు తగ్గించేడండీ, ఇంకేముంది!" అని ఆయన టీ కొట్టులో తేల్చేశారు. దాంతో కట్టిన తాపీమేస్త్రిని పనికి పిలిచేవాళ్ళే లేకుండా పోయారు.

నేను టేపు తీస్తుండగా ఆ మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. "తప్పు నాదైతే గది విప్పి నేనే మళ్ళీ కడతానండి. కాకపోతే మాత్రం కాగితం మీద రాసి ఊరుకోకండి మేడంగారూ. ఆ మాట మాస్టారి నోటితోనే రావాలండి."

పట్టుదల గల మనిషే అనుకున్నాను. అలాగని వెనకేసుకు రాలేదు. గోడ గీకి చూస్తే సిమెంటు గట్టిగానే ఉంది. పాత ఇంటికీ గదికీ మధ్య పగులు కింద సన్నగా ఉంది, పైన వేలు దూరేంత. అంటే గది అవతలి కొస నేలలోకి దిగుతోంది. అక్కడ తవ్వించమన్నాను.

"అది మా నాన్నగారు మట్టి పోయించి ఎత్తు చేసిన మెరకండీ. రాయిలాంటి నేల. మేస్త్రికీ అదే చెప్పేను" అన్నారు మాస్టారు.

మూడడుగుల దాకా మంచి మట్టే వచ్చింది. ఆ తర్వాత పార మెత్తగా దిగింది. నల్లగా కుళ్ళిన కొబ్బరి డొక్కలు, కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్కలు, గంపలకొద్దీ! ఆ కంపుకి ముక్కు మూసుకున్నాను.

మాస్టారి భార్య అరుగు మీంచి తొంగిచూసి పకపకా నవ్వారు. "అయ్యో, ఇవి మనవేనండీ! ఇంటికి మెరక వెయ్యడానికి మావయ్యగారు మట్టి తీయించిన గొయ్యి ఇదే కదా! నేను కాపురానికొచ్చిన కాణ్ణించీ డొక్కలన్నీ అందులోకే. నిండేక పైన మట్టి కప్పించింది మీరే!"

మెరక ఎవరు వేయించారో మా వాళ్ళు మూడు తరాలు చెప్పుకుంటారు. ఆ మట్టి ఎక్కడ తీశారో మాత్రం మరిచిపోతారు.

మాస్టారిని చూస్తే నాకు జాలేసింది, లోపల్లోపల సంతోషమూ వేసింది. ఆయన చొక్కా వేసుకొచ్చి "పదండి" అంటూ నేరుగా టీ కొట్టుకి నడిచారు. మేస్త్రి వెంట వెళ్ళాడు. నేను మాత్రం ఆగుతానా!

కొట్టు ముందు నిలబడి, పాఠం చెప్పినట్టే గొంతు పెంచారు. "ఇతని పనిలో లోపం లేదండీ. గోతిని గట్టి నేలనుకున్నది నేను. తెలుసుకోకుండా ఇతని నోటి దగ్గర కూడు తీసేసేను."

ఆ మాట కోసమే పట్టుబట్టిన మేస్త్రి తలెత్తలేకపోయాడు. "నేనూ గునపం దింపి చూడాల్సిందండి" అన్నాడు.

"చూడాల్సిందే" అన్నాను, ఊరుకోలేక. అందరూ నవ్వేశారు.

"గది మళ్ళీ నువ్వే కట్టాలి" అన్నారు మాస్టారు.

బల్ల మీదున్న ఒకాయన అందుకున్నాడు. "మా ప్రహరీ పనుంది మేస్త్రీ, రేపొస్తావా?"

"ఆయ్, వస్తానండి" అన్నాడు మేస్త్రి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ. "ముందు మాస్టారి గది అవ్వనివ్వండి."