చిన్నమ్మ ముట్టుకోని పాస్తా

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంటగది గడప దాటి పొయ్యి దాకా వెళ్ళే హక్కు ఇద్దరికే ఉండేది. ఒకరు మా అవ్వ, ఇంకొకరు మా అమ్మ. నాయనకూ నాకూ నీళ్ళ కుండ వరకే అనుమతి. మా చిన్నాయన పెళ్ళి చేసుకున్నాక మూడో ఆడమనిషి ఇంటికి వచ్చింది గానీ, ఆమె గడప అవతలే ఉండిపోయింది.

చిన్నాయన అంటే నాయన తమ్ముడు. తిరుపతిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకోక ముందు ఆయన మద్రాసులో ఒక కంపెనీలో పనిచేశాడు. మా చిన్నమ్మది గూడూరు. ఆమె కూడా అదే కంపెనీలో ఉండేది. ఇద్దరూ ఇష్టపడ్డారు. ఇంట్లో చెప్పి పెళ్ళి చేసుకోలేదు, చేసుకుని వచ్చి చెప్పారు. నాయన రెండు రోజులు మాట్లాడకుండా ఉండి మూడో రోజు మామూలైపోయాడు. అవ్వ మాత్రం మామూలు కాలేదు.

అవ్వకు ఒక అనుమానం పట్టుకుంది. కోడలు తన కొడుక్కి మందు పెట్టిందని. మా వైపు చాలామందికి ఈ నమ్మకం ఉండేది, ఇప్పటికీ కొందరికి ఉంది. మొగుడు తన చెప్పుచేతల్లో ఉండాలని భార్య తినేదాంట్లో ఏదో కలిపి పెడుతుందని, అది కడుపులో అట్లాగే అతుక్కొని ఉండిపోతుందని, దాన్ని కక్కించేవాళ్ళు కొన్ని పల్లెల్లో ఉంటారని చెప్పుకునేవాళ్ళు. అవ్వ దగ్గర ఆధారాలు చాలానే ఉండేవి. చిన్నాయన ముందు మూడు సంగటి ముద్దలు తినేవాడు, ఇప్పుడు ఒకదాంట్లో సగం తిని లేస్తున్నాడు. దవడలు లోపలికి పోయాయి. ఒకప్పుడు అవ్వ పిలిస్తే వచ్చేవాడు, ఇప్పుడు భార్య పిలవకుండానే పోతున్నాడు.

నాకు అప్పుడు పదకొండేళ్ళు. దేన్నైనా వరసలో పెట్టుకుని చూడటం అప్పటికే అలవాటు. అందుకే ఒకరోజు అవ్వను అడిగాను, వంటగదిలోకే రానివ్వనప్పుడు మందు ఎట్లా పెడుతుందని. అవ్వ నన్ను జాలిగా చూసింది. "మద్రాసులోనే పెట్టేసుంటాది రా. ఈడకొచ్చినాక మళ్ళా మళ్ళా పెట్టే పనుండదు" అంది. అప్పటి నుంచి నేనూ చిన్నమ్మను గమనించడం మొదలుపెట్టాను. ఆమె నాకు చాక్లెట్ ఇస్తే కాగితం విప్పి, చుట్టూ తిప్పి చూసి, వెలుతురులో పెట్టి, వాసన చూసి, ఆ తర్వాతే తినేవాణ్ణి. ఆమె అదంతా చూస్తూనే ఉండేది.

ఒక ఆదివారం అమ్మా నాయనా బంధువుల పెళ్ళికని శ్రీకాళహస్తి వెళ్ళారు. అవ్వ వాళ్ళతో వెళ్ళలేదు. చెప్పిన కారణం మోకాలి నొప్పి. అసలు కారణం, ఆ ఉదయమే పక్కింటావిడను తోడు తీసుకుని వడమాలపేట దాటి లోపల ఒక పల్లెకు వెళ్ళాలని. మందు కక్కించే ముసలామె అక్కడ ఉందని ఎవరో చెప్పారు. పొద్దు వాలే వేళకు అవ్వ తిరిగొచ్చింది. మోకాలు వాచిపోయింది. చెప్పులు విప్పుతూనే చిన్నాయనతో, "రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రా నాతో. పరగడుపునే రావాలంట" అంది. చిన్నాయన తల వంచుకున్నాడు.

కాసేపటికి నేను మిద్దె మీద ఆరిన బట్టలు తేవడానికి వెళ్ళాను. వాళ్ళిద్దరూ నీళ్ళ తొట్టి వెనక ఉన్నారు. చిన్నాయన అంటున్నాడు, "అమ్మ మనసు కోసం పోయొస్తా. ఒక పూట పనే కదా." చిన్నమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు పోతే నేను పెట్టినానని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు నువ్వా బస్సెక్కితే నేను గూడూరు బండెక్కుతా. మళ్ళా రాను." బెదిరించినట్టు లేదు. బండి టైము చెప్పినట్టు ఉంది. అందుకే నాకు భయమేసింది.

నేను విన్నదంతా విన్నట్టే అవ్వకు చెప్పాను. పోతే పోనీ అంటుందనుకున్నాను. అనలేదు. మోకాలికి రాసుకుంటున్న నూనె చేతిలోనే ఆపి, గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఇంతలో వంట సంగతి వచ్చింది. పొద్దున చిన్నాయన తెచ్చిన చికెన్ ఫ్రిజ్‌లో అట్లాగే ఉంది. అమ్మ ఆ రాత్రికి రాదు, అవ్వ పొయ్యి ముందు నిలబడే స్థితిలో లేదు. బయటి నుంచి తెప్పిద్దామని చిన్నాయన అంటే, ఇంట్లో కోడిని పెట్టుకుని బయట కొనేదేందని అవ్వ కసిరింది. అప్పుడు చిన్నమ్మ తన గదిలోకి వెళ్ళి ఒక పొట్లంతో వచ్చింది. దాన్ని అవ్వ చేతికివ్వకుండా, ఆమె ముందు నేల మీద పెట్టింది.

"అత్తా, ఇది పాస్తా. కూరగాయలూ చికెనూ వేసి చేస్తే అరగంటలో అయిపోతుంది. నేను చేయను. వీడు చేస్తాడు. నేను నోటితో చెబుతా, దేన్నీ ముట్టుకోను. మీరు గడపలో కూర్చొని చూడండి."

అవ్వ చాలాసేపు ఆలోచించింది. ఇందులో ఏ మోసం ఉండొచ్చో వెతుకుతోందని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే వెతుకుతున్నాను. చివరికి, "కుర్చీ తెచ్చి గడపలో ఎయ్" అంది నాతో. చిన్నాయనను అంగడికి పంపేసింది, మధ్యలో వచ్చి మాట్లాడకుండా. ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంది. ఉప్పు జాడీని తన దగ్గరికి తెప్పించి కుర్చీ పక్కనే పెట్టుకుంది. ఏది కలిపినా ఉప్పులోనే కలుపుతారని ఆ ముసలామె చెప్పిందట.

చిన్నమ్మ వంటగదిలో అవ్వ చూపించిన మూలన, పొయ్యికి దూరంగా, పీట మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నేను పొట్లం కత్తిరించి పళ్ళెంలో పోశాను. పెన్సిల్ ముక్కల్లా, రెండు కొసలూ ఏటవాలుగా కోసినట్టు ఉన్నాయి. ఒకదాన్ని కంటి దగ్గర పెట్టుకుంటే అవతల కిటికీ కనిపించింది.

"అవ్వా, ఇవి లోపల బోలుగా ఉన్నాయి."

"చూస్తిని. ఒక్కోటీ చూడు."

ఒక్కొక్కటే ఎత్తి దీపానికి పట్టి చూడసాగాను. చిన్నమ్మ, "అన్నీ చూసేలోపల తెల్లారుతుంది నాయనా. నీళ్ళు పెట్టేసి చూసుకో" అంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టాను. కూరగాయలు ఆమె చెప్పినట్టే సన్నగా, పొడుగ్గా తరిగాను. క్యారెట్టు, బీన్సు, క్యాప్సికం. చికెన్ చిన్న ముక్కలు చేయమంది, చిన్నవైతే తొందరగా ఉడుకుతాయని. ఏ డబ్బా ఎక్కడుందో ఆమెకు తెలియదు. "కారం ఉంటుంది కదా, అది తియ్యి. మిరియాల పొడి ఉంటే అదీ" అనేది. రెండు నెలలుగా ఉంటున్న ఇంట్లో కారం డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి ఆమె. ఆ సంగతి నాకు ఆ పూటే తట్టింది.

నీళ్ళు మరిగాక ఆమె, "ఉప్పు ఒక చెంచా" అంది. నేను చెయ్యి చాపితే అవ్వ జాడీని నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి, తీసుకోమంది. మా ఇళ్ళల్లో ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ కొట్లాట వస్తుందని. చెంచాడు ఉప్పు నీళ్ళలో వేసి, జాడీని మళ్ళీ నేల మీదే పెట్టాను. పాస్తా నీళ్ళలో పడింది.

పక్క పొయ్యి మీద నూనె, వెల్లుల్లి, ఉల్లిపాయ, ఆ తర్వాత పసుపు కారం పట్టించిన చికెన్. ముక్కల్లో తడి ఉండి నూనె చిటపటమని ఎగిరి నా మణికట్టు మీద పడింది. కళ్ళు మూసుకుని అరిచాను. కళ్ళు తెరిచేసరికి చిన్నమ్మ పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుని కొళాయి కింద పెట్టింది. అవ్వ వాచిన మోకాలితోనే కుర్చీ లోంచి సగం లేచింది. ఆమె చూపు నా మణికట్టు మీద ఉందో, చిన్నమ్మ వేళ్ళ మీద ఉందో నేను చెప్పలేను.

మంట తగ్గాక చిన్నమ్మ వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చుంది. తడి చేతులు చీరకు తుడుచుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తా, ముట్టుకున్నది వాడి చెయ్యినే. గిన్నెను కాదు."

అవ్వ మోకాలు పట్టుకుంది. మళ్ళీ కూర్చుంది.

మిగిలిందంతా త్వరగానే అయిపోయింది. ఒక ముక్కను గరిటెతో రెండు చేసి చూడమంది, లోపల ఎర్రదనం ఉండకూడదని. కూరగాయలూ టమోటాలూ వేసి మూత పెట్టించింది. పాస్తాను జల్లి గరిటెతో తీసి అందులో వేసి, అవి ఉడికిన నీళ్ళే రెండు గరిటెలు పోయమంది. కలిపాను. వాసన బాగానే ఉంది. దాంతో నా అనుమానం ఇంకొంచెం పెరిగింది.

చిన్నాయన వచ్చాడు. నలుగురం ఆ గడప దగ్గరే కింద కూర్చున్నాం. అందరికీ నేనే వడ్డించాను. నేను మొదటి ముద్ద తీసుకోబోతే అవ్వ నా చెయ్యి ఆపింది. "ఉండు. ముందు నేను తింటా." ఏమైనా అయితే తనకే అవనీ అన్నట్టు ఒకటి తీసి, కళ్ళు మూసుకుని నమిలింది. మేం ముగ్గురం ఆమె దవడను చూస్తూ కూర్చున్నాం. అంతమంది అంత శ్రద్ధగా ఒకరు నమలడాన్ని చూడటం నా జీవితంలో మళ్ళీ జరగలేదు.

"ఉప్పు చాల్లేదు" అంది అవ్వ.

నేను లేవబోయాను. "నువ్వు కూర్చో" అంది. జాడీ ఇంకా ఆమె పక్కనే ఉంది. దాన్ని ఎత్తింది. చిన్నమ్మ ముందు నేల మీద పెట్టి, వేళ్ళతో కొంచెం ముందుకు తోసింది.

"ఉప్పు ఎయ్యి."

చిన్నమ్మ జాడీ వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. "నేనా అత్తా?"

"ఇంకెవురు? చేతికియ్యలేదని అనుకోవద్దు. ఇంట్లో ఉండే కొట్లాటలు చాలు."

చిన్నాయనకు నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. చిన్నమ్మ జాడీలో వేళ్ళు పెట్టింది. ఎవరి పళ్ళెంలో ముందు వేయాలో తెలియక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అవ్వ తన పళ్ళెం ముందుకు జరిపింది. చిన్నమ్మ చేతిలోంచి ఉప్పు అందులో రాలింది. అవ్వ కలుపుకుని ఇంకో ముద్ద తిని, "ఇప్పుడు సరిపోయింది" అంది. ఆ రాత్రి చిన్నాయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. మందు వల్ల కాదు, భార్య గడప బయట పరాయిదానిలా కూర్చుంటే ఆయనకు ముద్ద దిగేది కాదని అర్థం చేసుకోవడానికి నాకు ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అవ్వకు ఆ పూటే అర్థమైందనుకుంటాను.

మర్నాడు పొద్దున అవ్వ బస్సు మాటెత్తలేదు. మోకాలు తగ్గనీ అంది. మోకాలు తగ్గింది, మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ వారంలోనే చిన్నమ్మకు కారం డబ్బా ఎక్కడుందో తెలిసిపోయింది.

నేను ఇప్పుడు ఒక ఫ్యాక్టరీలో తయారైన పరికరాలను పరీక్షించే పనిలో ఉన్నాను. అనుమానించడమే నా ఉద్యోగం. మా బృందం చేసిన పనిని ఎవరైనా నమ్మకపోతే నేను వాదించను. పరికరం వాళ్ళ ముందు పెట్టి, నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎట్లా పరీక్షించుకోవాలో నోటితో మాత్రం చెబుతాను. చేసిన చేతికి అనుమానం తీరినంతగా విన్న చెవికి తీరదు.

ఒక్క అనుమానం మాత్రం నాకే మిగిలిపోయింది. అంత నీళ్ళకు, అంత పాస్తాకు ఒక చెంచా ఉప్పు ఏ మూలకూ చాలదు. మద్రాసులో ఉన్నప్పుడు ఎన్నోసార్లు వండిన మనిషికి అది తెలియదా? ఉద్యోగం వచ్చాక ఒకసారి చిన్నమ్మను అడిగాను. "మర్చిపోయుంటానులే" అంది, ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా. మా చిన్నమ్మ దేన్నీ మర్చిపోయే మనిషి కాదు.

ఇప్పటికీ ఇంటికి ఎవరైనా కొత్తగా భోజనానికి వస్తే నేను పాస్తాయే చేస్తాను. ఉప్పు కాస్త తగ్గించే వేస్తాను. జాడీని ఎవరి చేతికీ ఇవ్వను. మధ్యలో పెట్టి, ఎవరు ముందు చెయ్యి చాపుతారా అని చూస్తూ కూర్చుంటాను.