అందరికీ ఇచ్చిన నమూనా

బిక్షం కుట్టే చెప్పులో మేకు ఉండదు. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదానికి మేకు గుచ్చుకున్నా తెలియదు, పుండయ్యాకే కనబడుతుంది. అందుకే అతను అడుగున మెత్తని రబ్బరు, పైన వెడల్పు పట్టీలు పెట్టి, దారంతో కుడతాడు. మెట్టుగూడలో అతనిది చిన్న దుకాణం.

అక్కడికి దగ్గర్లోని ఆసుపత్రిలో పాదాల పుండ్లు చూసే డాక్టర్ మేబెల్ తన రోగులను అతని దగ్గరికే పంపేవారు. ఆ చెప్పులు వేసుకున్నవాళ్లకు పుండ్లు తిరగబెట్టడం తగ్గిందని ఆమె పరిశోధన వ్యాసం రాశారు. చెప్పు కోసే నమూనాలు కూడా అందులో చేర్చి, రచయితల్లో బిక్షం పేరు పెట్టారు. పేరున్న పత్రికలో వేస్తే చదివేవాళ్లు కొనుక్కోవాలి. ఇంకో పత్రికలో అయితే ఎవరైనా ఉచితంగా తెరిచి, దించుకుని, వాడుకోవచ్చు.

"అందరు తీస్కునేదాంట్లనే వెయ్యుండ్రి మేడం," అన్నాడు బిక్షం. "చదివి ఊకుంటే ఏం లాభం? కొయ్యాలె, కుట్టాలె."

మేబెల్ ఒక రోజు ఆలోచించి ఒప్పుకున్నారు.

సీతాఫల్‌మండిలో అతని అక్క భర్త పురుషోత్తందీ చెప్పుల దుకాణమే. ఈ పనిలో నమూనా ఇంటి గుట్టు. శిష్యుడికి కూడా ఊరికే ఇవ్వరు.

"ఏందిరా, లోకానికి పంచుతున్నవంట? రేపు దుకాణంల ఈగలు తోలుకుంటవా?"

"పాదాలు గన్ని ఉన్నయ్ బావా. నా చేతులు రెండే."

అచ్చుకు ముందు చివరి ప్రతి వచ్చింది. బిక్షం దాన్ని ప్రింటు తీయించి బావ చేతిలో పెట్టాడు. "నన్నేం అడగొద్దు. గిది చూసి ఒక జత చెయ్యి."

చెప్పులు వచ్చాయి. కుట్టు చక్కగా ఉంది. ఆ సైజు తనదే కనుక బిక్షం తొడుక్కుని చూశాడు. వేళ్లు అంచు దాటాయి.

"అసలుది దాచుకొని తప్పుది ఇచ్చినవ్ గదా!" పురుషోత్తం నవ్వాడు. "ఉస్తాద్‌వే! సొంత బావకు సుత చెప్పకపోతివి."

బిక్షం నవ్వలేదు. తను కోతకు వాడే అట్ట నమూనాను ప్రింటు మీద పరిచాడు. చుట్టూ తేడా. పేజీని కాగితంలో పట్టించడానికి ప్రింటరు బొమ్మను కుదించేసింది. ఇలాగే బయటికి పోతే ఎందరి మొద్దుబారిన వేళ్లో అంచుకు ఒరుసుకుపోతాయి.

అతను నేరుగా ఆసుపత్రికి వెళ్లాడు.

"దిద్దుబాట్లకు రేపే ఆఖరు బిక్షం గారూ," అన్నారు మేబెల్. "ఇప్పుడు ఆపమంటే నెలలు పట్టొచ్చు. చేసేవాళ్లు కొలుచుకుంటారులెండి."

"మా బావ పాత పనోడు. ఆయనే కొలవలే. లేటయితే కానియ్యండి, తప్పుతోని పోవద్దు."

మేబెల్ ప్రచురణ ఆపమని రాశారు. బిక్షం ప్రతి నమూనా పక్కన అయిదంగుళాల గీత గీశాడు. దాని కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక మాట రాయించాడు: ప్రింటు తీశాక ఈ గీత కొలవండి; అయిదంగుళాలు లేకపోతే కోయకండి.

వ్యాసం వానాకాలం దాటాక వెలువడింది. ఈసారి పురుషోత్తమే ఫోన్లో దించుకుని, జిరాక్సు దుకాణంలో స్కేలు పెట్టి కొలిచాడట. గీత తక్కువ వచ్చిందని పోట్లాడి మళ్లీ తీయించాడట. కుట్టిన జత తెచ్చి బిక్షం ముందు పెట్టాడు.

బిక్షం తొడుక్కుని గల్లీ చివరిదాకా నడిచొచ్చాడు. చెప్పు విప్పి, పాదమంతా తడిమి చూసుకున్నాడు. ఎక్కడా ఒత్తిన గుర్తు లేదు.

"రేపట్నుంచి సీతాఫల్‌మండోళ్లను నీ దగ్గరికే పంపుమని మేడంకు చెప్తా," అన్నాడు.