ముందు మనిషి వీపు

మా కాలనీ పార్కులో నడిచేవాళ్ళ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. నలుగురు కలిస్తే నలుగురూ దారికి అడ్డంగా పరుచుకుని నడుస్తారు. వెనక వచ్చేవాడు దగ్గినా వినరు, చెప్పులు ఈడ్చినా వినరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి కదా, దానికి ఆ మాత్రం వెడల్పు కావాలి. మున్సిపాలిటీకి రాద్దామనుకున్నాను గానీ ఏ విభాగానికి రాయాలో తెలియక ఊరుకున్నాను.

నేను నడక నేర్చుకున్న చోట అడ్డంగా నడిస్తే లోయలో పడతాం. తొంభైల చివర్లో, డుంబ్రిగుడ పైన ఒక కొండ ఊరు. ఇద్దరు టీచర్ల బడి. అందులో రెండోవాణ్ణి నేను. బస్సు దిగి గంటసేపు ఎక్కాలి. కాలిబాట వెడల్పు ఒక మనిషి, అదీ ఆ మనిషి లావెక్కకుండా ఉంటే.

ముందు మొదటి టీచరు నడిచేవాడు, వెనక నేను. ఆయనది అరకు దగ్గర మిషన్ చర్చి కుటుంబం. ఆ కొండల్లో పుట్టి పెరిగినవాడు గనక దారి ఆయన కాళ్ళకు తెలుసు. పొలం పనుల రోజుల్లో నా వెనక మూడో మనిషి కూడా ఉండేది. కింద రోడ్డు పక్క ఊళ్ళో ఉండే ముసలమ్మ ఒకామె. ఆమె చోడి చేను, అంటే రాగి చేను, మా బడి వెనకే. భుజాన పార వేసుకుని మాతో పాటే ఎక్కేది.

అలా వరుసలో నడిచేవాళ్ళ మాటలకు ఒక పద్ధతి ఉంటుంది. ఎవరూ వెనక్కి తిరగరు. ముందువాడు గాలికి చెప్తాడు, వెనకవాడు వీపుకు చెప్తాడు. ముందువాడికి ఒక బాధ్యత కూడా ఉంది. కాలి కింద ఏముందో చెప్పాలి. ‘రాయి’, ‘ముల్లు’, ‘జారు’. ఒక్కో మాట చాలు. రెండోవాడు ఆ మాటను మూడోవాడికి అందించాలి. ఎంత రసవత్తరమైన సంగతి నడుస్తున్నా సరే, మధ్యలో ఆగి రాయిని వెనక్కి పంపి అప్పుడు మళ్ళీ అందుకోవాలి.

సంగతులు చెప్పేది నేనే. కాలేజీ నాటకాల్లో హాస్యపాత్రలు వేసినవాణ్ణి. కొండ మీద నాకు దొరికిన ప్రేక్షకుడు ఒక్కడు, ఆయన కూడా వీపు చూపించి కూర్చున్న రకం. అయినా నేను నిరాశపడలేదు.

“అప్పుడు మా మామగారు కండక్టర్ని ఏమన్నారంటే...”

“రాయి.”

“...టికెట్టు సీటుకా, మనిషికా అన్నారు.”

“ఊఁ,” అనేవాడాయన. భుజాలు కొద్దిగా కదిలేవి. దాన్ని నవ్వు కింద జమకట్టుకునేవాణ్ణి.

ఒకరోజు కథ మంచి పట్టులో ఉండగా ఆయన “ముల్లు” అన్నాడు. నేను తప్పుకుని కథ సాగించాను. వెనక ముసలమ్మ కూలబడిపోయింది. పాదంలోంచి ముల్లు పీక్కుంటూ నాకేసి చూసింది.

“ముందాయన సెప్పినాడు. మద్దిన నీకాడ ఆగిపోనాది.”

“మర్చిపోయాను మామ్మా.”

“మరిసిపోలేదు. నీ మావగారు అడ్డొచ్చినాడు.”

మాస్టారు ఆగి, ఆమె లేచేదాకా నిలబడి, మళ్ళీ నడిచాడు. నేను మామగారిని అక్కడి నుంచే అందుకున్నాను.

నాకు అప్పట్లో ఒకే ఒక్క కోరిక ఉండేది. నా భార్య పాడేరులో గిరిజన సంక్షేమ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. రెండు గదుల వాటా తీసుకుని, రెండేళ్ళ మా కూతురితో అక్కడే ఉండేది. నేను శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. శనివారం రాత్రి నన్ను చూసి పాప ఏడ్చేది. ఆదివారం మధ్యాహ్నానికి గుర్తుపట్టేది. సోమవారం తెల్లారేసరికి నేను బస్సులో ఉండేవాణ్ణి.

అందుకని, పాడేరు బడిలో ఒక టీచరు పోస్టు ఖాళీ అవుతుందని నా భార్య చెప్పిన నాటి నుంచి కొండెక్కినంతసేపూ నాకు ఇంకో విషయం లేదు. దరఖాస్తు ఎలా రాయాలి, బదిలీ అయ్యాక గిన్నెల స్టాండు ఏ గోడకు కొట్టాలి, పాపకు నా మొహం ఎన్ని రోజుల్లో అలవాటవుతుంది. ఆయన ఊఁ కొడుతూ వినేవాడు. అంత ఓపిగ్గా విన్న మనిషిని నేను జీవితంలో చూడలేదు.

బదిలీ రూల్స్ కాపీ నా భార్య పంపింది. మర్నాడు ఎక్కుతూ అదంతా ఆయన వీపుకు చదివి వినిపించాను.

“ఇంట్లో దీర్ఘకాలిక రోగి ఉంటే వాళ్ళకే మొదట ఇస్తారట మాస్టారూ. మా ఇంట్లో ఉన్న దీర్ఘకాలిక రోగం మా మామగారొక్కరే. పెట్టమంటారా?”

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. మూడేళ్ళలో ఆ బాట మీద నేను ఆయన మొహం చూసింది అదొక్కసారే.

“ఆ రూలు ఎక్కడుంది మాస్టారూ?”

చూపించాను. చదివాడు. “ఆఖరి తేదీ ఎప్పుడన్నారు?”

చెప్పాను. నా పని మీద ఎంత శ్రద్ధో అని లోపల పొంగిపోయాను కూడా. ఆయన కాగితం నా చేతికిచ్చి మళ్ళీ ముందుకు తిరిగాడు.

ఆ తర్వాత రెండు నెలలు మామూలుగానే ఎక్కాం. గిన్నెల స్టాండును నేను తూర్పు గోడ నుంచి ఉత్తరం గోడకు మార్చాను. ఆయన ఊఁ అన్నాడు. యథాప్రకారం మొదటి శనివారం సెలవు పెట్టాడు. ప్రతి నెలా పెట్టేవాడు. చర్చి పనేమో అనుకుని దానికి ‘పరలోక కమిటీ మీటింగు’ అని నేనే పేరు పెట్టాను. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన భుజాలు కొద్దిగా కదిలేవి.

ఒక ఉదయం, సగం కొండెక్కాక, గాలికి చెప్పాడు.

“మాస్టారూ, నాకు పాడేరు వచ్చింది.”

“ఏ పాడేరు?” అన్నాను. పాడేరు ఒక్కటే ఉందని నాకు తెలుసు.

ఆయన నడుస్తూనే ఉన్నాడు. పది అడుగుల తర్వాత “రాయి” అన్నాడు. నేను “రాయి” అని వెనక్కి పంపాను. ఆ రోజు నా వెనక ఎవరూ లేరు.

బడి దగ్గర చెప్పులు విప్పుతూ, “మీకు చెప్దామని చాలాసార్లు అనుకున్నాను,” అన్నాడు.

“సంతోషం మాస్టారూ,” అన్నాను. నాటకాల్లో నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

ఆయన వెళ్ళిపోయాక ఆ మూడేళ్ళ మాటలన్నీ మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ఒకడు ఒకే ఒక్క మాట కోసం వింటున్నాడని తెలిస్తే, అంతకుముందు చెప్పినవన్నీ ఆ మాట దగ్గరికి నడిచొచ్చిన దారిలా కనిపిస్తాయి. మామగారి కథలకు తిరగని మెడ రూలుకు తిరిగింది. నేను స్నేహం అనుకున్నది నిజానికి వాకబు. ఆ రెండు నెలల ఊఁలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉత్తరం గోడ దగ్గరైనా ఆయన ఆపి ఉండాల్సింది.

మా బడిలో ఆయన ఖాళీ చేసిన పోస్టులోకి ఎవరూ రాలేదు. ముందు నేనే నడవడం మొదలుపెట్టాను. చోళ్ళు కోతకొచ్చాక ముసలమ్మ నా వెనక ఎక్కింది. ఒకరోజు ఆ ఎక్కుడు పొడుగునా ఆమెకు అంతా చెప్పాను. రూలు, ఆఖరి తేదీ, ఊఁ కొట్టడం, అన్నీ. నమ్మిన మనిషి ఇలా చేస్తాడా అన్నాను. నా గొంతు నేననుకున్నంత సరదాగా రాలేదు.



“ఆ గుంట ఎలాగుందో మరి,” అంది ముసలమ్మ.

“ఏ గుంట?”

“ఆయన కూతురు. ఒంట్లో రగతం నిలవదంట. నెలకోపాలి పాడేరు ఆసుపత్రిలో ఎక్కించాల. మొదటి శనారం పొద్దున్నే సంకనేసుకుని బస్సెక్కేవోడు.”

నేను ఆగి వెనక్కి తిరిగాను.

“మూడేళ్ళు రోజూ కలిసి నడిచాం. నాకొక్క ముక్క చెప్పలేదు. నీకెందుకు చెప్పాడు?”

ముసలమ్మ కొడవలి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

“నానడిగినాను,” అంది.